ఇంటి వైరింగులో ఇనుప బాక్సుల ఎర్తింగ్

గోడలో బిగించిన స్విచ్ బాక్సులు, జంక్షన్ బాక్సులు, మీటరు పక్కనుండే మెయిన్ బాక్సు – వీటి లోహ భాగాలన్నిటినీ తీగతో కలిపి, నేలలో పాతిన ఎలక్ట్రోడుకు జోడించే ఏర్పాటు ఇది. ఫేజు వైరు పొర ఊడి బాక్సుకు తగిలితే కరెంటు ఈ దారిన నేలలోకి దిగుతుంది. దారి లేకుంటే బాక్సును ముట్టుకున్న మనిషే దారి అవుతాడు.

2010 దాకా అమల్లో ఉన్న భారత విద్యుత్ నియమావళి (1956)లోని 61వ నియమం వైర్లను కప్పే లోహపు తొడుగులన్నీ భూమికి కలిసి ఉండాలని, జంక్షన్ బాక్సుల దగ్గర కూడా ఆ అతుకు తెగకూడదని చెప్పింది. కొత్త ఇళ్లలో మూడు పిన్నుల సాకెట్లే ఉండాలన్నదీ అందులోనిదే. వినియోగదారుడి ఇంటి దగ్గర ఎర్త్ టెర్మినల్ ఇవ్వాల్సింది సరఫరాదారేనని 33వ నియమం చెప్పింది. ఎర్తింగ్ పద్ధతులను వివరించే ఐఎస్ 3043 ప్రమాణం 1966లో వచ్చింది. 1987లో, 2018లో సవరించారు.

కాగితం మీది నియమం గోడలోకి దిగడం వేరే కథ. టేకు బద్దల మీద క్లిప్పులతో వైర్లు పరిచి, చెక్క బోర్డులు కొట్టిన కాలంలో బాక్సుకు షాక్ వచ్చే బెడద తక్కువ. ఆ తర్వాత ఇనుప కాండ్యూట్ వాడినచోట పైపే ఎర్త్ దారి. పీవీసీ పైపులు రావడంతో ఆ దారి తెగింది: బాక్సు ఇనుముదే, పైపు మాత్రం ప్లాస్టిక్కు. కాబట్టి ప్రతి బాక్సుకూ విడిగా పచ్చ రంగు ఎర్త్ వైరు లాగాలి. పక్కపక్కన బిగించిన రెండు బాక్సులు ఒకదానికొకటి తగిలి ఉన్నాయి కదా అని ఊరుకోకూడదు. రంగు, తుప్పు, సిమెంటు పొర అడ్డుపడతాయి. ఖర్చు మిగుల్చుకోవడానికి సాకెట్లోనే న్యూట్రలును ఎర్త్ పిన్నుకు కలిపే పని మరీ దుర్మార్గం. న్యూట్రల్ ఎక్కడైనా తెగిందా, ఇంట్లోని కూలరు, ఫ్రిజ్ అన్నిటి ఒళ్లూ షాక్ కొడతాయి.

జనగామ జిల్లా స్టేషన్ ఘన్‌పూర్ వైపు చలక నేలల్లో ఇంకో చిక్కుంది. ఎండాకాలం నేల ఆరితే దాని నిరోధం పెరుగుతుంది. అందుకే నేలలో పాతిన ఎర్త్ పైపు చుట్టూ బొగ్గు, ఉప్పు నింపి, గుంతలో నీళ్లు పోసే పద్ధతి వచ్చింది. ఎర్త్ నిరోధం 20 ఓమ్‌లుంటే 230 వోల్టుల దగ్గర పారేది పదకొండున్నర ఆంపియర్లే. దానికి 16 ఆంపియర్ల ఎంసీబీ (కరెంటు మితిమీరితే సరఫరా ఆపే స్విచ్చు) పడదు. బాక్సులో కరెంటు అలాగే నిలిచి ఉంటుంది. ఈ లోటు తీర్చేది 30 మిల్లీఆంపియర్ల లీకేజీకే సరఫరా ఆపేసే ఆర్‌సీసీబీ.

దాని టెస్ట్ బటన్ నొక్కితే ఆర్‌సీసీబీ పనిచేస్తోందో లేదో తెలుస్తుంది. గోడలోని బాక్సుకు పచ్చ వైరు అందిందా లేదా అన్నది మాత్రం ఎలక్ట్రీషియన్ బోర్డు విప్పి, మీటరు పెట్టి చూడాల్సిందే.