నల్లమల వేట: హక్కు నుంచి నేరం వరకు

నంద్యాల జిల్లాలో శ్రీశైలం జలాశయపు వెనుక జలాల దరిని ఉన్న పగిడ్యాల మొదలుకొని దక్షిణాన ఆళ్లగడ్డ, అహోబిలం వరకు సాగే నేలకు తూర్పున నల్లమల కొండలు బారులు తీరి ఉండటం వల్ల, ఇక్కడి జనజీవితంలో వేటకు ఏ కాలంలోనూ ఒకే అర్థం లేదు. అడవిలోని చెంచులకు అది తిండి, అడవి అంచున సేద్యం చేసే రైతుకు పైరు కాపలా, పాలకుడికీ అతని తరువాత వచ్చిన తుపాకీ దొరకూ వినోదం, ఆలయానికి దేవుడి లీల. ఇన్ని రకాల వేటను 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం, దాని తరువాతి సవరణలు క్రమంగా ఒకే నిషేధం కిందికి తెచ్చాయి. ఆ నిషేధాన్ని ఎదిరించిన వేటగాళ్లలో ఎవరి అభ్యంతరం పాలకుల చెవిన పడింది, ఎవరిది పడలేదు అన్న దృష్టితో చూసినప్పుడే ఈ చరిత్ర సరిగా అర్థమవుతుంది.

వేటను రాజవినోదంగా శాస్త్రబద్ధం చేసిన గ్రంథాల్లో ప్రసిద్ధమైనది కల్యాణి చాళుక్య ప్రభువు మూడవ సోమేశ్వరుడు 12వ శతాబ్దపు పూర్వార్ధంలో కూర్చిన మానసోల్లాసం. రాజు కాలక్షేపాలను వర్ణించే క్రమంలో అది మృగయావినోదానికి, అంటే సరదా కోసం సాగే వేటకు, ప్రత్యేకంగా చోటిచ్చి జింకలను పట్టే పద్ధతులను ఒక్కొక్కటిగా వివరిస్తుంది. అల్లసాని పెద్దన మనుచరిత్రలో స్వరోచి వేట కథను మలుపు తిప్పే ఘట్టమైంది. ఈ రాజవేటలో జంతువును వెతుక్కుంటూ పోవలసిన శ్రమ రాజుది కాదు. చుట్టుపక్కల పల్లెల జనం అడవిని చుట్టుముట్టి, డప్పులతో, కేకలతో మృగాన్ని ఒక దిక్కుకు తోలితే, అక్కడ కాచుకొని ఉన్న ప్రభువు దాన్ని కొట్టేవాడు. ఎన్ని పడ్డాయి, ఎంత పెద్దవి పడ్డాయి అన్న లెక్కే ఆ వేటకు గొప్పతనం తెచ్చేది. వేటను పోటీగా మార్చే బుద్ధికి బీజం ఆ లెక్కలోనే ఉందని చెప్పవచ్చు.

1839లో కర్నూలు నవాబు రాజ్యం ఈస్టిండియా కంపెనీ చేతికి చేరిన తరువాత ఆ లెక్క ప్రభుత్వ దస్త్రాల్లోకి ఎక్కింది. పులి, చిరుతపులి, తోడేలు వంటి జంతువులను చంపినవారికి ఆనాటి ప్రభుత్వం బహుమానం చెల్లించేది. అంటే రాజ్యమే డబ్బిచ్చి చంపించింది. మరోవైపు 1882 నాటి మద్రాసు అటవీ చట్టం కొంత అడవిని రిజర్వు అడవిగా, అంటే ప్రభుత్వం తన ఆధీనంలో అట్టిపెట్టుకొన్న అడవిగా, ప్రకటించే అధికారాన్ని కల్పించి, అందులో నిబంధనలకు విరుద్ధంగా వేటాడటాన్ని, ఉచ్చులు పన్నడాన్ని, నీటిలో విషం కలపడాన్ని నేరం చేసింది. తరువాత 1912లో వచ్చిన అడవి పక్షుల, జంతువుల రక్షణ చట్టం బట్టమేక పిట్ట, నెమలి, కౌజు, జింక, కుందేలు వంటివాటికి సంతాన కాలంలో వేట నిలిపివేసే వీలు కల్పించింది. కానీ ప్రాణరక్షణకూ ఆస్తి రక్షణకూ జంతువును చంపినవారికి ఆ చట్టం వర్తించేది కాదు. పైరును కాపాడుకొనే రైతుకు ఆనాడు మిగిలిన ఈ చిన్న వెసులుబాటు ముందుముందు ఎంత కరిగిపోయిందో చూడవలసి ఉంది. కృష్ణకు అవతలి ఒడ్డున నిజాం రాజ్యంలోని ఫర్హాబాద్ పాలకుల వేట విడిదిగా పేరుపడింది. నదికి ఏ ఒడ్డున చూసినా తుపాకీ ఉన్నవాడి వేట అనుమతి పత్రంతో సాగింది, ఉచ్చు పన్నినవాడి వేట దొంగతనమైంది.

ఈ మార్పు భారమంతా మోసినవారు చెంచులు. 1940ల తొలినాళ్లలో నిజాం రాజ్యపు నల్లమలలో చెంచుల మధ్య గడిపి, 1943లో వారిపై గ్రంథం ప్రకటించిన మానవశాస్త్రవేత్త క్రిస్టాఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమెన్‌డార్ఫ్, వారి జీవనం ప్రధానంగా దుంపలు, కాయలు, పండ్లు, తేనె ఏరుకోవడంపై ఆధారపడిందనీ, వేటలో దొరికేది దానితో పోలిస్తే తక్కువనీ గమనించాడు. విల్లంబులతో అడవిలో తిరిగే చెంచుల రూపమే బయటివారి మనసులో నాటుకుపోవడం వల్ల ఈ నిజం మరుగున పడింది. అడవిలో మృగాలు తగ్గిపోవడానికి కారణం వెతికినప్పుడు, దుంపలు తవ్వుకొనే ఈ కొద్దిమందికన్నా తోలకపు వేటలను, బహుమానపు వేటలను, చర్మాల వ్యాపారాన్ని ముందుగా చూడటమే న్యాయం.

వేటను ప్రాణహాని లేకుండా నిలుపుకొన్న ఒక సంప్రదాయం మాత్రం ఆళ్లగడ్డ ప్రాంతంలో ఈనాటికీ సజీవంగా ఉంది. అదే అహోబిల నృసింహస్వామి పారువేట. మృగాన్ని పరుగెత్తించి కొట్టే వేటకు ఇది ఉత్సవరూపం. కనుమ నాడు ఎగువ అహోబిలపు జ్వాలా నరసింహస్వామి, దిగువ అహోబిలపు ప్రహ్లాదవరదస్వామి ఒకే పల్లకిలో ఆసీనులై కొండ దిగి బయలుదేరి, ఆళ్లగడ్డ చుట్టుపక్కల ముప్పైకి పైగా పల్లెల్లో నలభై రోజులకు మించి సంచరిస్తారు. స్వామి చెంచులక్ష్మిని చేపట్టి చెంచులకు అల్లుడైనాడన్నది ఇక్కడి విశ్వాసం. ఫాల్గుణంలో జరిగే బ్రహ్మోత్సవాల్లోని తన కల్యాణానికి పల్లెపల్లెనూ తానే స్వయంగా పిలవడానికి ఆయన వస్తాడని జనం చెప్పుకొంటారు. చెంచులు విల్లు ఎక్కుపెట్టి పల్లకి వైపు బాణాలు వదలడం ఈ యాత్రారంభంలో ముఖ్యమైన ఘట్టం. పల్లకి ఏ ఊళ్లో ఆగితే ఆ ఊరికి ఆనాడే పెద్ద పండుగ. ఇంటి ఆడపడుచులు, అల్లుళ్లు చేరుకొంటారు, సంక్రాంతి కన్నా పారువేటకే కొత్తబట్టలు కొనే కుటుంబాలు ఉన్నాయి.

పారువేట అహోబిలానికి మాత్రమే పరిమితమైనది కాదు. తిరుమలలోనూ కనుమ నాడు మలయప్పస్వామి పారువేట మండపానికి వేంచేసినప్పుడు అర్చకులు ఈటె విసిరి వేటను అభినయిస్తారు. దక్షిణాది ఆలయాల్లో చాలాచోట్ల సంక్రాంతి వేళకు ఇటువంటి ఉత్సవం ఉంది. పంటలు ఇంటికి చేరే కాలం, అడవి జంతువులు పొలాల్లోకి దిగే కాలం ఒకటే కావడం చేత, పైరును పాడుచేసే మృగాలను తరమడానికి పాలకుడు వేటకు వెళ్లే బాధ్యత దేవుడి ఉత్సవంగా రూపం మార్చుకొని ఉండవచ్చు. వేటలో నైపుణ్యం, ఊరి ఐక్యత, అడవి మనిషికీ ఊరి మనిషికీ ఉన్న బంధుత్వం అన్నీ ఈ ఉత్సవంలో నిలిచి ఉన్నాయి, ఏ జంతువు ప్రాణమూ పోవడం లేదు. వేటను నిషేధిస్తే సంప్రదాయం నశిస్తుందని వాదించేవారికి ఇంతకన్నా గట్టి సమాధానం మరొకటి దొరకదు.

స్వాతంత్ర్యం తరువాత వేటగాళ్లు సంఘటితంగా చేసిన ప్రతిఘటన 1970 ప్రాంతంలో కనిపిస్తుంది. 1969లో ఢిల్లీలో జరిగిన అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సమాఖ్య మహాసభ పులుల దుస్థితిని ఎత్తి చూపిన దరిమిలా, 1970లో దేశమంతటా పులివేటను ఆపివేశారు. విదేశీ అతిథులను డబ్బు తీసుకొని వేటకు తీసుకెళ్లే షికారు కంపెనీలు దీన్ని గట్టిగా వ్యతిరేకించాయి. తమ వ్యాపారం దేశానికి విదేశీ మారకద్రవ్యం తెస్తున్నదన్నది వాటి ప్రధాన వాదం. వాటికి పత్రికలూ, అధికారుల గదులూ అందుబాటులో ఉన్నాయి, కనుక వాటి మాట చరిత్రలోకి ఎక్కింది. అయినా అది నిలవలేదు. 1972 నాటి గణనలో దేశంలోని పులుల సంఖ్య 1,827గా తేలింది.

అదే సంవత్సరం వచ్చిన వన్యప్రాణి సంరక్షణ చట్టం కేవలం కేంద్రం తలపెట్టినది కాదన్న సంగతి తెలుగు పాఠకులు గుర్తుంచుకోవలసినది. అప్పట్లో అడవి జంతువుల రక్షణ రాష్ట్రాల అధికార పరిధిలో ఉండేది. రాజ్యాంగపు 252వ అధికరణం ప్రకారం రెండు లేదా అంతకుమించిన రాష్ట్రాల శాసనసభలు తీర్మానాలు చేసి కోరితేనే అటువంటి విషయంపై పార్లమెంటు చట్టం చేయగలదు. ఆ విధంగా తీర్మానించిన పదకొండు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. ఈ చట్టం నిర్వచనంలో వేట అంటే చంపడం ఒక్కటే కాదు, పట్టడం, ఉచ్చు వేయడం, తోలడం, ఎర చూపడం, గూళ్లను చెరచడం, గుడ్లు తీయడం, వీటిలో దేనికి ప్రయత్నించినా వేటే. మొదట్లో పెద్ద వేట, చిన్న వేట వంటి తరగతుల కింద లైసెన్సులు ఇచ్చే ఏర్పాటు ఉండేది. 1991 సవరణతో ఆ లైసెన్సులు రద్దై, వినోదపు వేట దేశంలో పూర్తిగా ముగిసింది.

వేటను ఎంతవరకు ఆపాలన్న ఇదే సమస్య అమెరికాలో ఇటీవల వేరొక దారి పట్టింది. ఎక్కువ సంఖ్యలో లేదా ఎక్కువ బరువున్న జంతువులను చంపినవారికి నగదు, బహుమతులు ఇచ్చే పోటీలు అక్కడి గ్రామీణ ప్రాంతాల్లో నడుస్తున్నాయి. వాటిలో ఎక్కువగా బలయ్యేది తోడేలు జాతికి దగ్గరి కొయోట్. 2014లో కాలిఫోర్నియా ఇటువంటి బహుమతులను నిషేధించింది. తరువాత వెర్మాంట్, న్యూమెక్సికో, మసాచుసెట్స్, కొలరాడో, వాషింగ్టన్, మేరీలాండ్ వంటి రాష్ట్రాలు ఆంక్షలు తెచ్చాయి. న్యూయార్క్ 2023లో చట్టం చేసింది. ప్రతిచోటా వేటగాళ్ల సంఘాలు ఎదురు నిలిచి, ఈ పోటీలు పశువులను, జింక పిల్లలను కాపాడుతున్నాయనీ, స్థానిక సంస్థలకు విరాళాలు సమకూరుస్తున్నాయనీ, ఈ రోజు పోటీని ఆపినవారు రేపు వేటనే ఆపుతారనీ వాదించాయి. ఆ వాదం ప్రభావమో, శాసనకర్తల విచక్షణో గాని, న్యూయార్క్ చట్టం జింక, ఎలుగుబంటి, టర్కీ కోడి వేట పోటీలను నిషేధం నుంచి మినహాయించింది, లైసెన్సుతో సాగే మామూలు వేటను ముట్టుకోలేదు. చట్టం పోటీకీ వేటకూ మధ్య గీత గీసిందన్నమాట. భారతదేశపు చట్టంలో రకరకాల వేటల మధ్య అటువంటి గీత లేదు.

ఆ గీత లేకపోవడం వల్ల కలిగే చిక్కు పగిడ్యాలకు చేరువలోని రోళ్లపాడు చుట్టుపట్ల స్పష్టంగా కనబడింది. నందికొట్కూరు ప్రాంతపు గడ్డి భూముల్లో తిరిగే బట్టమేక పిట్టను కాపాడటానికి 1988లో అక్కడ అభయారణ్యం ఏర్పడింది. రక్షణ ఫలితంగా కృష్ణజింకల మందలు బాగా పెరిగి పక్క పొలాలపై పడ్డాయి. సాగునీటితో పంటల తీరు మారిన ఆ నేలలో బట్టమేక పిట్ట మాత్రం క్రమంగా కనుమరుగైంది. పైరు పోగొట్టుకొన్న రైతు కృష్ణజింకను కొడితే, అది 1972 చట్టం అత్యధిక రక్షణ ఇచ్చిన మొదటి షెడ్యూలులోని జంతువు కనుక, మూడు నుంచి ఏడేళ్ల వరకు జైలు, 2022 సవరణ తరువాత కనీసం 25,000 రూపాయల జరిమానా తప్పవు. పంటలకు హాని చేసే కొన్ని జంతువుల విషయంలో ప్రధాన వన్యప్రాణి అధికారి అనుమతించవచ్చునన్న నిబంధన ఉంది. 62వ సెక్షన్ కింద కొన్ని జంతువులను చంపదగిన చీడజంతువులుగా ప్రకటించే అధికారమూ ఉంది. బీహారులో నీలుగాయి, అడవిపందుల విషయంలో 2015లో ఆ పని జరిగింది. కానీ మొదటి షెడ్యూలులోని జంతువుకు ఆ ప్రకటన వర్తించదు. ఇక్కడి రైతు కోరుకొనేది వేటాడే స్వేచ్ఛ కాదు. సకాలంలో నష్టపరిహారం, పొలానికి గట్టి కంచె ఉంటే అతనికి జింకతో పగ ఉండనక్కరలేదు. అవి అందకుండా అతన్ని వేటగాడి పక్కన నిలబెట్టడం అన్యాయం.

చెంచుల విషయంలో అన్యాయం ఇంకా లోతైనది. 1972 చట్టంలోని 65వ సెక్షన్ షెడ్యూల్డు తెగల వేట హక్కును నికోబార్ దీవులవారికి మాత్రమే మినహాయింపుగా నిలిపింది. నల్లమలకు ఆ వీలు దక్కలేదు. నాగార్జునసాగర్-శ్రీశైలం అడవులు 1978లో అభయారణ్యంగా, 1983లో పులుల సంరక్షణ పథకంలో భాగంగా మారినప్పుడు చెంచుల గూడేలు ఆ హద్దుల లోపలే ఉండిపోయాయి. 2006 నాటి అటవీ హక్కుల చట్టం ఆదివాసుల సంప్రదాయ హక్కులను గుర్తిస్తూనే, వేట, ఉచ్చు వేయడం అన్న రెండింటినీ పేరెత్తి మరీ మినహాయించింది. షికారు కంపెనీల అభ్యంతరం విని తోసిపుచ్చారు, అమెరికా వేటగాళ్ల అభ్యంతరం విని కొంత ఒప్పుకొన్నారు, చెంచులను అడగనేలేదు. పులులు నల్లమలలో నిలబడాలంటే వేట ఆగవలసిందే. అయితే అడుగుజాడ చూసి మృగాన్ని గుర్తుపట్టే ఆ జ్ఞానాన్ని అటవీ శాఖ తన బేస్ క్యాంపుల్లో కాపలా పనికి ఉపయోగించుకొంటున్నప్పుడు, ఆ జ్ఞానం కలవారికి స్థిరమైన ఉద్యోగం, అటవీ ఫలసాయంపై పూర్తి అధికారం, అభయారణ్యపు నిర్ణయాల్లో ఓటు ఇవ్వడం వారినుంచి తీసుకొన్న హక్కుకు ప్రభుత్వం చెల్లించవలసిన బాకీ.