తెలుసు, ఎరుగు, వచ్చు

కొన్నేళ్ళ క్రితం రాజపాళయంలో ఒక కాలేజీ విద్యార్థి ఇంగ్లీషు దరఖాస్తు నింపుతుంటే పక్కన కూర్చున్నాను. ‘లాంగ్వేజెస్ నోన్’ అన్నచోట తమిళం, ఇంగ్లీషు అని రాసి ఊరుకున్నాడు. వాళ్ళింట్లో అందరూ మాట్లాడేది తెలుగే. 1949 నుంచి 1952 దాకా మద్రాసు రాష్ట్ర ప్రభుత్వానికి నాయకత్వం వహించిన పి.ఎస్. కుమారస్వామి రాజా పుట్టిన ఊరది. తెలుగు మాట్లాడే రాజులు శతాబ్దాల క్రితమే అక్కడికి తరలివచ్చారు. “మరి తెలుగో?” అన్నాను. “చదవడం, రాయడం రాదు కదా సార్” అన్నాడు.

‘తెలియదు’ అనలేదు, ‘రాదు’ అన్నాడు. ఆ తేడా ఇంగ్లీషు ‘నో’కి (కాదనే ‘నో’ కాదు, తెలియడాన్ని చెప్పే ‘నో’) లేదు. ఒకప్పుడు ఉండేది. వెయ్యేళ్ళ కిందటి ఇంగ్లీషులో సంగతి తెలియడానికి ‘వితన్’, గుర్తుపట్టడానికి ‘క్నావన్’, పని చేతనవడానికి ‘కున్నన్’ అనేవారు. వితన్‌కు మన ‘విద్య’లోని సంస్కృత ధాతువుతో చుట్టరికం. తక్కిన రెండూ ‘జ్ఞానం’లోని ‘జ్ఞా’కు దాయాదులు, నేడు పలకని ‘కె’ అక్షరం ఆ పాత ఉచ్చారణ గుర్తే. వితన్ వాడుక తప్పింది, కున్నన్ ‘క్యాన్’ అయి సహాయక క్రియగా స్థిరపడింది, మొత్తం బరువు క్నావన్ మీద పడింది. జర్మన్ భాష మాత్రం మూడింటినీ నిలుపుకొంది.

తెలుగూ నిలుపుకొంది. ఆయన చిరునామా నాకు తెలుసు. ఆయన్ని నేనెరుగుదును. నాకు ఈత వచ్చు. ఎరిగేవాడు ‘నేను’, తెలిసినా, వచ్చినా ‘నాకు’. ‘వెళ్ళవచ్చు’ అన్నప్పుడు ఈ ‘వచ్చు’ వీలును చెప్తుంది. ‘క్యాన్’ నడిచిన బాట కూడా ఇలాంటిదే. ఇంతటి పోలిక దూరపు భాషల మధ్య కనబడడం నాకు ఇప్పటికీ ముచ్చటగానే ఉంటుంది.

పక్కనున్న తమిళంలోనేమో చిరునామాకూ, మనిషికీ, ఈతకూ ‘తెరియుమ్’ ఒక్కటే సరిపోతుంది. మన ‘ఎఱుగు’కు తోబుట్టువైన ‘అఱి’ అక్కడ ఉన్నా, రోజువారీ మాటల్లో పెత్తనం ‘తెరియుమ్’దే. బడిలో తమిళం, ఇంగ్లీషు చదివిన పిల్లవాడి నోట ‘రాదు’ ఇంకా చెక్కుచెదరలేదంటే, అది ఇంట్లో విన్నదే.

ఆ దరఖాస్తు మాటను మనవాళ్ళు ‘తెలిసిన భాషలు’ అని అనువదిస్తారు. ‘వచ్చిన భాషలు’ అనడమే సరి అని నా అభిప్రాయం. తెలిసిన భాష అంటే చదివి పరీక్ష రాసిన భాష అన్న భావం కలుగుతుంది. తమిళనాడులో 2006 నాటి చట్టం తమిళాన్ని ఒకటో తరగతి నుంచి ఏటా ఒక తరగతి చొప్పున తప్పనిసరి చేశాక, తెలుగు లిపికి బడిలో చోటు మరింత ఇరుకయింది. అక్షరాలు వస్తేనే భాష వచ్చినట్టయితే ఇలాంటి ఇళ్ళలోని తెలుగు ఏ కాగితం మీదా కనబడదు. అక్షరాస్యతను లెక్కగట్టడానికి చదవడం, రాయడం రెండూ అడిగే జనాభా లెక్కలవారే, 2011లో మాతృభాష కాక వచ్చిన ఇతర భాషలు నమోదు చేసేటప్పుడు ఆ షరతు పెట్టలేదు. అర్థం చేసుకొని మాట్లాడగలిగితే చాలన్నారు.

ఇదంతా చెప్పాక అతను కాసేపు ఆలోచించి, తమిళం, ఇంగ్లీషుల పక్కన మూడో మాట చేర్చాడు. ఇంగ్లీషు అక్షరాలతోనే.