లినక్సులో ఆటలూ, మా ఊరి ముగ్గురాయీ

మొన్న సంక్రాంతికి మంగంపేట పోయినప్పుడు మా అన్న కొడుకు నా లాప్‌టాప్ ముందేసుకుని కూర్చున్నాడు. కాసేపయ్యాక "చిన్నాయనా, ఇది విండోస్ ఆట గదా, లినక్సులో ఎట్ల ఆడతాండాది?" అని అడిగినాడు. ప్రశ్న చిన్నదే, జవాబు మాత్రం ముప్ఫై ఏళ్ళ కథ. వినేంత ఓపిక వాడికి లేదు. మీకుందనే ధైర్యంతో ఇక్కడ రాస్తున్నా :)

1993 చివర్లో ఐడీ సాఫ్ట్‌వేర్ వాళ్ళ డూమ్ వచ్చింది. మర్నాటి ఏడే ఆ కంపెనీలో పనిచేసే డేవ్ టేలర్ దాన్ని లినక్సుకి తెచ్చాడు. ఎవరో అడిగారని కాదు, లెక్కలు చూసీ కాదు, లినక్స్ మీద ఇష్టం కొద్దీ. 1997లో డూమ్ సోర్సు బయటపెట్టినప్పుడు వాళ్ళు ఇచ్చింది కూడా లినక్స్ కోడే. డాస్ వెర్షన్‌లోని శబ్దాల లైబ్రరీ వేరేవాళ్ళది కావడంతో దాన్ని ఇవ్వడానికి వీల్లేకపోయింది. సరదాకి చేసిన పని అట్లా అందరికీ పనికొచ్చింది.

ఆ సరదాని వ్యాపారం చేద్దామని 1998లో స్కాట్ డ్రేకర్ అనే లాయరు లోకి సాఫ్ట్‌వేర్ పెట్టాడు. వాళ్ళు కొత్త ఆటలు రాయరు. పబ్లిషర్ల దగ్గర హక్కులు తీసుకుని, విండోస్ ఆటని లినక్సుకి మార్చి, డబ్బాలో పెట్టి అమ్ముతారు. 1999లో సివిలైజేషన్: కాల్ టు పవర్‌తో మొదలెట్టి, క్వేక్ 3, సిమ్‌సిటీ 3000 దాకా తెచ్చారు. 2001 ఆగస్టులో దివాలా పిటిషను వేశారు. 2002 జనవరిలో తలుపులు మూసేశారు.

ఎందుకు మునిగింది? డబ్బు ఇబ్బందులు సరే, అసలు చిక్కు మన దగ్గరే ఉంది. విండోస్ వెర్షన్ ముందొచ్చేది, లినక్స్ వెర్షన్ తర్వాతెప్పుడో వచ్చేది. మనవాళ్ళ మెషీన్లలో రెండూ ఉండేవి. అంతదాకా ఆగేదెవరు? విండోస్ డబ్బా కొనేసి ఆడేసేవాళ్ళు. ఆ అమ్మకం విండోస్ ఖాతాలో పడేది. పబ్లిషరు లెక్క చూసుకుని "లినక్సులో కొనేవాళ్ళు లేరు" అనేవాడు. అతను చూసిన లెక్క ప్రకారం అది నిజమే మరి.

ఇంక మన దేశం సంగతి... నన్నే తీసుకోండి. పేవ్‌మెంటు మీద దొరికే సీడీ తప్ప డబ్బాలో ఆట కొన్న పాపాన పోలేదు. నోటితో మాత్రం "లినక్సుకి ఎవడూ ఆటలు చెయ్యడు" అని తెగ వాపోయేవాణ్ణి. ఇలాంటివాళ్ళు మీలోనూ కొందరు ఉండే ఉంటారు, దాచుకోకండి.

ఆ తర్వాత కూడా పబ్లిషర్ల దయ వానాకాలం ఎండలాగే ఉండింది. అన్‌రియల్ టోర్నమెంట్ 2004 డిస్కులోనే లినక్స్ ఇన్‌స్టాలర్ ఇచ్చారు. 2007లో వచ్చిన మూడోదానికి కూడా లినక్స్ క్లయింటు ఇస్తామన్నారు. అది ఈరోజుకీ రాలేదు. 2010లో హంబుల్ ఇండీ బండిల్ వాళ్ళు "మీకు తోచినంత ఇవ్వండి" అంటే, సగటున అందరికంటే ఎక్కువ ఇచ్చింది లినక్స్ వాళ్ళే. అంటే జేబులో డబ్బులున్నాయి, ఇచ్చే మనసూ ఉంది. లేనిది తల లెక్కే.

2012లో వాల్వ్ అధిపతి గేబ్ న్యూవెల్ విండోస్ 8ని పెద్ద ఉపద్రవం అన్నాడు. 2013 ఫిబ్రవరిలో స్టీమ్ లినక్సుకి వచ్చింది. 2015లో స్టీమ్ మెషీన్లు వచ్చి చతికిలబడ్డాయి. ఆ వేడిలో లినక్సుకి వచ్చిన ఆటల్లో కొన్నిటిని తర్వాత వదిలేశారు. రాకెట్ లీగ్ సంగతే చూడండి, 2020 మార్చిలో లినక్సులో దాని ఆన్‌లైన్ ఆట ఆపేశారు.

మరి మావాడు ఆడుతున్నదేంది? 2018 ఆగస్టులో వాల్వ్ వదిలిన ప్రోటాన్ పుణ్యం. దాని పునాది 1993లో మొదలైన వైన్. దానికి తోడు డీఎక్స్‌వీకే, డైరెక్ట్3డీ పిలుపుల్ని వల్కన్‌లోకి మార్చేది. పబ్లిషరు లినక్సుకని ఏమీ చెయ్యనక్కర్లేదు. 2022లో స్టీమ్ డెక్ వచ్చింది. 2025 అక్టోబరులో స్టీమ్ సర్వేలో లినక్స్ తొలిసారి 3 శాతం దాటింది.

ఇక్కడ మా ఊరి మాటొకటి చెప్పాలి. మంగంపేట ముగ్గురాయి, అదే బెరైటీస్, పొడిచేసి చమురు బావులు తవ్వేటప్పుడు బురదలో కలుపుతారు. దాని బరువుకే బావి లోపలి ఒత్తిడి అణిగి ఉంటుంది. పెట్రోలు పోయించుకునేవాడికి ఆ రాయి పేరే తెలియదు. శామ్ లాంటింగా 1998లో మొదలెట్టి, లోకి కంపెనీలో ఉండగా పెంచిన ఎస్‌డీఎల్ లైబ్రరీ కూడా అంతే. లోకి పోయింది, దాని డబ్బాలు పోయాయి. ఎస్‌డీఎల్ మాత్రం ఈరోజుకీ ఎన్నో ఆటల అడుగున, స్టీమ్ అడుగున కూడా ఉంది. పబ్లిషర్లు దయతలచి ఇచ్చిన వెర్షన్లు చాలా వరకు చెల్లిపోయాయి. తెరిచిపెట్టిన కోడు నిలిచింది.

అలాగని చింత తీరలేదు. 2024 అక్టోబరు చివర్లో అపెక్స్ లెజెండ్స్‌ని లినక్సులో ఆపేశారు. మోసగాళ్ళు లినక్స్ చాటున దాక్కుంటున్నారని ఈఏ చెప్పిన కారణం. అంతకుముందు దాకా స్టీమ్ డెక్ మీద ఆ ఆట చక్కగా నడిచేది. అంటే అడ్డం టెక్నాలజీ కాదు, అనుమతి. పైగా మనమంతా ఇప్పుడు వాల్వ్ అనే ఒక్క కంపెనీ చూరు కింద ఉన్నాం. ఆ కంపెనీ మనసు మారితే? కోడు ఓపెన్ సోర్సు కాబట్టి పూర్తిగా రోడ్డున పడం, అదొక్కటే ధైర్యం.

అందుకే నేననేది, "మాకు ప్రత్యేకంగా చేసిపెట్టండి" అని బతిమాలడం ఇక చాలు. "నడుస్తున్నదాన్ని ఆపొద్దు" అని గట్టిగా అడుగుదాం. అడిగేముందు డబ్బు పెట్టి కొందాం, లినక్సులోనే ఆడదాం. ప్రోటాన్‌తో ఆడినా లినక్స్ అమ్మకంగానే లెక్కేస్తామని వాల్వ్ 2018లోనే చెప్పింది. లోకి రోజుల్లో మనం చేసిన తప్పు మళ్ళీ చెయ్యొద్దు.

మావాడికి చివరికి ఇంతే చెప్పినా: "అబ్బీ, ఈ ఆట కొన్నది నేను. ఆడు, కానీ లినక్సులోనే ఆడు."