ఏ దారైనా ఒకే సైకిల్: 1897లో మిసూలా నుంచి సెయింట్ లూయిస్ దాకా

ఈ వారం ఎపిసోడ్‌లో మాట్లాడుకున్నదాన్నే కొంచెం సర్ది ఇక్కడ రాస్తున్నాను. డ్యూటీ మధ్యలో వినడం కుదరనివాళ్లు చదువుకోవచ్చు.

అమెరికా సైకిల్ షాపుల్లో ఇప్పుడు 'ఆల్ రోడ్' అనే మాట బాగా నడుస్తోంది. తారు రోడ్డు, కంకర, మట్టి, అన్నిటికీ ఒకే బండి. నా దగ్గరా అలాంటిదే ఒకటుంది, 40 మిల్లీమీటర్ల టైర్లు. సెలవు రోజున మిస్సోరీలోని కేటీ ట్రైల్ మీద తొక్కుతుంటాను. అది పాత రైలు మార్గం. పట్టాలు తీసేసి సున్నపురాయి పొడి పరిచారు, 240 మైళ్ల దారి. దానిమీద పోతుంటే ఈ రకం బండి ఈమధ్యే పుట్టిందనిపిస్తుంది. కాన్సాస్‌లో పేరుమోసిన కంకర రోడ్ల పోటీ కూడా 2006లో మొదలైందే. కానీ అసలు పరీక్ష అంతకు వందేళ్లకు పైగా ముందే జరిగింది. ఆ పరీక్ష రాసింది నల్లజాతి సైనికులు.

మోంటానా రాష్ట్రంలో మిసూలా అనే ఊరి దగ్గర ఒక కోట ఉండేది. అక్కడ 25వ పదాతి దళం ఉండేది. సైనికులంతా నల్లవాళ్లు, ఆఫీసర్లు తెల్లవాళ్లు. లెఫ్టినెంట్ జేమ్స్ మాస్ అనే కుర్ర ఆఫీసరుకి ఒక ఆలోచన వచ్చింది. గుర్రానికి గడ్డి కావాలి, నీళ్లు కావాలి, జబ్బు చేస్తే చూసుకోవాలి. సైకిల్‌కి ఆ బాధలేవీ లేవు కదా, సైన్యానికి పనికొస్తుందా? 1896లో ఎనిమిది మందితో ఎల్లోస్టోన్ దాకా వెళ్లొచ్చారు, రానూపోనూ దాదాపు 800 మైళ్లు. మరుసటి ఏడు అంతకంటే పెద్ద ప్రయాణం పెట్టుకున్నారు.

1897 జూన్ 14న 20 మంది సైనికులు బయల్దేరారు. వెంట మాస్, ఒక డాక్టరు, ఒక విలేకరి. గమ్యం 1,900 మైళ్ల దూరంలోని సెయింట్ లూయిస్. మన లెక్కలో హైదరాబాదు నుంచి ఢిల్లీకి రోడ్డున పోయి వచ్చినంత. స్పాల్డింగ్ కంపెనీ ప్రత్యేకంగా గట్టి చేసి ఇచ్చిన సైకిళ్లు అవి. గేర్లు మార్చే ఏర్పాటు లేదు. దుప్పటి, డేరా గుడ్డ, తిండి, పనిముట్లు కడితే ఒక్కో బండి సగటున 59 పౌండ్లు, అంటే 27 కిలోలు. దానికి తోడు ప్రతి మనిషికీ తుపాకీ, తూటాలు. బండ్ల రిపేరు జాన్ ఫిండ్లీ అనే సైనికుడి పని.

మోంటానాలో వాన పట్టుకుంది. అక్కడి మట్టి మన నల్లరేగడి లాంటిదే. తడిస్తే బంక. వర్షాకాలం పొలం గట్టున సైకిల్ నడిపినవాళ్లకి నేను చెప్పక్కర్లేదు, నాలుగడుగులకోసారి ఆగి పుల్లతో చక్రం గీకాలి. ఆ బురద తప్పించుకోవడానికి వాళ్లు రైలు పట్టాలెక్కారు. స్లీపర్ల మీద ఒళ్లు హూనమయ్యేలా కిలోమీటర్ల కొద్దీ తొక్కారు, తొక్కలేని చోట నెట్టారు. కొండల మీద చలి, మంచు. నెబ్రాస్కాలో ఇసుక దిబ్బలు, మండే ఎండ. అక్కడి ఉప్పునీళ్లు తాగి మనుషులు జబ్బుపడ్డారు, మాస్ కూడా పడ్డాడు. దాదాపు 170 మైళ్ల ఇసుక దాటడానికి నాలుగున్నర రోజులు పట్టింది.

అయినా జూలై 24న సెయింట్ లూయిస్ చేరారు. మొత్తం 41 రోజులు, అందులో బండి నడిపింది 34. సగటున రోజుకి 56 మైళ్లు. ఊళ్లోని సైకిల్ వాళ్లు ఎదురొచ్చి తీసుకెళ్లారు. ఫారెస్ట్ పార్కులో వాళ్లను చూడ్డానికి జనం విరగబడ్డారు.

తర్వాత ఏమైంది? రైలెక్కించి వెనక్కి పంపారు. ఇంకో పెద్ద ప్రయాణానికి మాస్ అడిగితే సైన్యం వద్దంది. 1898లో స్పెయిన్‌తో యుద్ధమొచ్చి దళాన్ని క్యూబాకి పంపారు. సైకిల్ దళం కథ అక్కడితో సరి.

కానీ ఆ మనుషుల కథ ఆగలేదు. ఆ ప్రయాణంలో సార్జెంటుగా వెళ్లిన మింగో శాండర్స్ క్యూబాలో కూడా పోరాడాడు. అక్కడ థియోడర్ రూజ్‌వెల్ట్ తన దళం కోసం అడిగితే మేమే రొట్టెలు పంచామని తర్వాత చెప్పుకున్నాడు. 1906 ఆగస్టులో టెక్సాస్‌లోని బ్రౌన్స్‌విల్‌లో రాత్రిపూట కాల్పులు జరిగి ఒకరు చనిపోయారు. నింద ఈ దళం మీద పడింది. ఆ సమయానికి అందరూ బ్యారక్‌లోనే ఉన్నారని వాళ్ల తెల్ల ఆఫీసర్లే చెప్పారు. అయినా విచారణ లేకుండా 167 మందిని ఉద్యోగంలోంచి తీసేశారు. ఆ ఉత్తర్వు ఇచ్చిన అధ్యక్షుడు ఎవరనుకున్నారు? అదే రూజ్‌వెల్ట్. శాండర్స్‌కి అప్పటికి పాతికేళ్ల సర్వీసు, పెన్షన్ దగ్గరపడిన వయసు. చేతికి పైసా రాలేదు. తిరిగి చేర్చుకోమని మొరపెట్టుకున్నా వినలేదు.

నన్ను పట్టుకున్నది ఇదేనండీ. సైకిల్ పనికొస్తుందని వాళ్లు 41 రోజుల్లో రుజువు చేశారు. తాము పనికొస్తామని మాత్రం పాతికేళ్లు రుజువు చేసినా చాల్లేదు. పని బాగా చేస్తే చాలు, అన్నీ అవే వస్తాయని మనకి ఇంట్లో చెప్పి పంపుతారు. పని చేతిలో ఉంటుంది, కాగితం మాత్రం ఇంకొకరి చేతిలో ఉంటుంది. ఇది వీసా మీద బతికేవాళ్లకి విడమరిచి చెప్పాల్సిన సంగతి కాదు. అందుకే పని ఎంత బాగా చేసినా మన కాంట్రాక్టు, జీతం రసీదు, సర్వీసు లెక్క మన దగ్గర కూడా ఒక కాపీ ఉండాలి.

1972లో అమెరికా సైన్యం ఆ ఉత్తర్వు తప్పని ఒప్పుకుని, 167 మందికీ గౌరవంగా విరమణ ఇచ్చినట్టు రికార్డు మార్చింది. అప్పటికి 66 ఏళ్లు గడిచాయి. శాండర్స్ ఎప్పుడో పోయాడు.