పుల్లరి పాఠం ఒక్క పీరియడుకు సరిపోదు

పల్నాడు చరిత్ర అనగానే మన పిల్లలు రెండు సంగతులు చెబుతారు. ఒకటి బ్రహ్మనాయుడు, నాగమ్మల కాలం నాటి పల్నాటి యుద్ధం. రెండోది కన్నెగంటి హనుమంతు పుల్లరి పోరాటం. ఈ రెండోది మన వెల్దుర్తికి పక్కనే ఉన్న దుర్గి మండలంలో జరిగింది. పరీక్షలో 'పుల్లరి అనగానేమి?' అని అడిగితే 'పశువులను అడవిలో మేపుకున్నందుకు కట్టే పన్ను' అని రాస్తారు. మార్కులు పడతాయి. కానీ గడ్డికి పన్నేమిటి, ఆ గడ్డి ఎవరిది, ఎప్పటినుంచి వాళ్లదైంది అనే ప్రశ్న ఆ జవాబులో ఉండదు. అడవి అంచున బతికే చెంచు, సుగాలి పిల్లలకు కావలసింది ఆ ప్రశ్నే. దానికి జవాబు సాంఘికశాస్త్రం ఒక్కటే చెప్పలేదు. తెలుగు, లెక్కలు, సైన్సు కలిసి రావాలి. ఎందుకో చూద్దాం.

ముందు మాటతో మొదలుపెడదాం. 'అరి' అంటే పన్ను. 'పుల్' అంటే గడ్డి. తమిళంలో ఇప్పటికీ పుల్ అనే అంటారు, కన్నడంలో హుల్లు అంటారు. కాకతీయుల కాలపు పన్నుల్లోనే పుల్లరి పేరు కనిపిస్తుంది. అంటే ఈ పన్ను తెల్లదొరలు కొత్తగా కనిపెట్టింది కాదు. ఈ సంగతి పిల్లలకు దాచకుండా చెప్పాలి. అప్పుడే తర్వాతి ప్రశ్న పుడుతుంది: పన్ను పాతదే అయితే, జనం 1921లో ఎందుకు తిరగబడ్డారు?

జవాబు 1882 నాటి మద్రాసు అటవీ చట్టం దగ్గర ఉంది. ఆ చట్టంతో ప్రభుత్వం అడవికి హద్దులు గీసి రిజర్వు అడవిగా ప్రకటించే అధికారం తీసుకుంది. ముందుగా ఒక ప్రకటన వేస్తారు. ఆ అడవిలో ఎవరికైనా హక్కు ఉంటే గడువులోగా అధికారి ముందు చెప్పుకోవాలి. చెప్పుకోనివారి హక్కు పోతుంది. చదువు రానివారు, కచేరీ గడప ఎక్కనివారు, ఋతువును బట్టి చోటు మారేవారు ఆ గడువులో ఏం చెప్పుకోగలరు? తాతల నాటి నుంచి దుంపలు తవ్వుకున్న చోటు, తేనె దింపుకున్న చోటు, పశువులను తోలుకున్న దారి ఒక్క కాగితంతో సర్కారు అడవి అయిపోయాయి. అంతకుముందు పన్ను కడితే సరిపోయేది. ఇప్పుడు హద్దు దాటితే నేరం. పశువును బందెలదొడ్డిలో పెడతారు, జరిమానా వేస్తారు. పన్నుకంటే ఈ మార్పు పెద్దది.

సహాయ నిరాకరణ ఉద్యమం వచ్చేసరికి పల్నాడులో ఈ కడుపుమంట సిద్ధంగా ఉంది. 1921లో పల్లెలు పుల్లరి కట్టమన్నాయి. పన్నుకోసం వచ్చిన ఉద్యోగులకు సరుకులు అమ్మలేదు, పనులు చేసిపెట్టలేదు. ఉన్నవ లక్ష్మీనారాయణ, వేదాంతం నరసింహాచారి గుంటూరు నుంచి వచ్చి జైలుకు వెళ్లారు. 1922 ఫిబ్రవరి 12న కాంగ్రెసు శాసనోల్లంఘనను ఆపేసింది. పల్లెల్లో మాత్రం పోరు ఆగలేదు. అదే నెలలో మించాలపాడులో పోలీసు కాల్పుల్లో హనుమంతు చనిపోయాడు. ఆరు నెలలకు, ఆగస్టు 22న, అల్లూరి సీతారామరాజుతో కలిసి మన్యం ఆదివాసులు చింతపల్లి పోలీసు స్టేషన్ మీద దాడి చేశారు. గాం గంటందొర, గాం మల్లుదొర ఆ పోరాటంలోనివారే. అక్కడా పోడు మీద ఆంక్షలు, రోడ్డు పనుల వెట్టి కారణాలు. పల్నాడు మైదానంలో, మన్యం కొండల్లో ఒకే ఏడాది ఒకే చట్టం మీద కోపం రగిలింది. ఈ రెండింటినీ వేర్వేరు పాఠాలుగా చదివితే ఈ సంబంధం పిల్లలకు అందదు.

ఇక తరగతి గదికి వద్దాం. ఒక వారం పుల్లరికి ఇచ్చామనుకుందాం.

లెక్కల పీరియడులో ఒక ఇంటిని తీసుకోవాలి. ఆరు ఆవులు, రెండు గేదెలు, పది మేకలు. తలకు అర్ధరూపాయి పన్ను, రోజుకూలి నాలుగణాలు అనుకుందాం. ఇవి లెక్కకోసం పెట్టుకున్న అంకెలే. మొత్తం పన్ను తొమ్మిది రూపాయలు. అంటే ముప్పై ఆరు రోజుల కూలి. పన్ను బరువు ఎంతో పిల్లవాడికి అప్పుడు తెలుస్తుంది. పది మేకలున్న ఇంటికీ వంద పశువులున్న ఇంటికీ తలకు ఒకే రేటు అయితే ఎవరి నడుం వంగుతుందో వాళ్లే వాదించుకుంటారు.

సైన్సు పీరియడులో తాడుతో ఒక మీటరు చదరం కట్టి, పశువులు మేసిన చోట, మేయని చోట ఏ మొక్కలు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టాలి. మేత ఎక్కువైతే లేత మొక్కలు నిలవవని అటవీశాఖ చెప్పే మాటలో ఎంత నిజముందో కళ్లతో చూడాలి. నల్లమలలో ఇప్పుడు నాగార్జునసాగర్–శ్రీశైలం పులుల అభయారణ్యం ఉంది కాబట్టి ఈ వాదన నేటిదే. గార్డు బిడ్డ కూడా మన తరగతిలోనే కూర్చుంటాడు. అతను తలదించుకునేలా పాఠం చెప్పకూడదు.

తెలుగు పీరియడులో 1882 నాటి ప్రకటనలాంటి నోటీసు ఒకటి రాయించాలి. చదవడం రాని అవ్వకు దాన్ని వినిపించి, ఆమెకు ఏం అర్థమైందో రాసుకు రమ్మనాలి. ఉన్నవ జైలులో రాసిన 'మాలపల్లి' నవల గురించీ ఇక్కడే చెప్పాలి. గడ్డి, చెట్టు, పశువుల పేర్లు ఇంటి భాషలో ఏమంటారో పిల్లలు తెలుగు లిపిలో రాయాలి. సుగాలి పిల్లవాడి మాటకు నల్లబల్ల మీద చోటు దొరికిన రోజు వాడు మరోలా కూర్చుంటాడు.

ఇలా చెప్పడం కొత్త సంగతి కాదు. 1937లో వార్ధాలో గాంధీజీ ముందుకు తెచ్చిన నయీ తాలీం ఒక చేతిపని చుట్టూ అన్ని పాఠాలూ చెప్పమంది. 2005 జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం కూడా బడి చదువును బయటి జీవితంతో కలపమంది. అయినా సిలబసు, పరీక్షలు, నలభై అయిదు నిమిషాల గంట మనల్ని విడదీస్తాయి. ప్రాథమిక బడిలో అన్నీ చెప్పేది ఒక్కరే కాబట్టి అక్కడ సులువు. ఆశ్రమ పాఠశాలల్లో సబ్జెక్టు టీచర్లు నెలకొకసారి అరగంట కూర్చుని ఒక విషయం పంచుకుంటే చాలు. సిలబసు దాటనక్కర్లేదు. శాతాలు, మొక్కల లెక్క, లేఖారచన ఎలాగూ అందులో ఉన్నవే.

దీనివల్ల ఒరిగేదేమిటని అడిగేవారికి 2006 అటవీ హక్కుల చట్టం చూపిస్తాం. 2005 డిసెంబరు 13కు ముందు నుంచి అడవిని అనుభవిస్తున్న గిరిజనుల సాగు హక్కునే కాక, ఊరందరి మేత హక్కునూ అది గుర్తిస్తుంది. పాత చట్టంలో మనిషి అధికారి దగ్గరికి పోవాలి. ఈ చట్టంలో పని గ్రామసభ దగ్గర మొదలవుతుంది. సాక్ష్యాల్లో ప్రభుత్వ కాగితాలతో పాటు బావులు, శ్మశానాలు, దేవుడి స్థలాలు, పాత మేతబీళ్లు ఉన్నాయి. పెద్దలు చెప్పగా రాసుకున్న మాట కూడా సాక్ష్యమే. ఏదో ఒక్కటే చాలదు, ఒకటికి మించి చూపాలి.

అంటే, పశువులను ఏ వాగు దాటించి ఏ బీటికి తోలేవారో అవ్వను అడిగి ఆరో తరగతి పిల్ల రాసుకొచ్చిన పేజీ వట్టి ప్రాజెక్టు పని కాదు. అందులో చరిత్ర ఉంది, భాష ఉంది, దూరాల లెక్క ఉంది, చెట్ల శాస్త్రం ఉంది. అవ్వ పేరు, ఊరి పేరు, తేదీ సరిగ్గా వేసి రాయడం నేర్పితే, రేపు గ్రామసభలో సాక్ష్యం చెప్పించి రాయించగల మనిషి ఆ పిల్లలోంచే వస్తుంది. 1882లో మన పెద్దలకు లేనిది అదే. యువకులారా, ఉపాధ్యాయ మిత్రులారా, మన ఊళ్లలో ఎనభై దాటినవారు ఇంకా కొందరున్నారు. ఈ ఎండాకాలం సెలవులకు ముందే వాళ్ల దగ్గరికి పిల్లలను నోటుపుస్తకంతో పంపుదాం.