కత్తిపీట ఎక్కడ పెట్టాలి?

వంటింటి కత్తిని ఎక్కడ పెట్టాలన్నది చిన్న ప్రశ్నే. విశాఖపట్నంలో ఉండి అడుగుతున్నాను కాబట్టి, జవాబు వెతుకుతూ పోతే అది ఉక్కు దాకా వెళ్ళింది.

నిన్నమొన్నటి దాకా మన వంటింట్లో కత్తి అంటే కత్తిపీటే. మామూలు కత్తి కూర దగ్గరికి వెళ్తుంది. కత్తిపీట కదలదు, వంకాయే దాని దగ్గరికి రావాలి. పీటని కాలితో తొక్కిపట్టి, రెండు చేతులతో తరగడం. కొసన పళ్ళబిళ్ళ ఉంటే కొబ్బరీ కోరుకోవచ్చు. ఇక్కడ ఫిషింగ్ హార్బర్లో చేపలు కోసిపెట్టే ఆడవాళ్ళని చూడండి, రెండు చేతులూ ఖాళీగా ఉండటం ఎంత సౌకర్యమో తెలుస్తుంది.

దాన్ని దాచడానికీ ఒక పద్ధతి ఉండేది. పని అవగానే కడిగి, పొడిగుడ్డతో తుడిచి, పక్కకి పడుకోబెట్టి, పదును గోడవైపు తిప్పి, పిల్లలు తిరగని మూలన పెట్టాలి. మా ఇంట్లో వానాకాలంలో ఒక చుక్క నూనె కూడా రాసేవారు. ఇదంతా చాదస్తం కాదు. సముద్రపు గాలి తగిలే ఊళ్ళో తడి ఇనుము తెల్లారేసరికి ఎర్రబడుతుంది. అరటికాయ తరిగితే నల్లబడేది కూడా అందుకే, కాయలోని వగరు ఇనుముతో కలుస్తుంది. కమ్మరి ఆ కత్తిని చాలాసార్లు పాత లారీ కమాన్ పట్టీతో చేసేవాడు. మంచి ఉక్కే, పదును నిలుస్తుంది, కానీ తుప్పుకి అడ్డు లేదు.

తుప్పుకి అడ్డు దొరికిన కథలో మనవాళ్ళకీ ఒక పాత్ర ఉంది. నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో మూసల్లో కరిగించి తీసిన ఉక్కు కోసం ఇస్ఫహాన్ నుంచి వర్తకులు వచ్చేవారని 1820ల నాటి వర్ణన ఉంది. ఇలాంటి దక్షిణాది ఉక్కే యూరప్‌లో 'వూట్జ్' అయింది. లండన్లో కత్తులు చేసే జేమ్స్ స్టోడార్ట్ దానికి పెద్ద అభిమాని. ఆయనా మైకేల్ ఫారడే కలిసి వూట్జ్ గుట్టు తెలుసుకోవాలని ఉక్కులో రకరకాల లోహాలు కలిపి చూశారు. 1822లో ప్రచురించిన వాటిలో క్రోమియం కూడా ఉంది. అయితే 1913లో షెఫీల్డ్‌లో హ్యారీ బ్రియర్లీ దాదాపు 13 శాతం క్రోమియం వేసి తుప్పు పట్టని ఉక్కు చేసేదాకా అది వంటింటికి పనికిరాలేదు. ఆయన వెతుకుతున్నది తుపాకీ గొట్టాల కోసం! అక్కడి కత్తుల పనివాళ్ళు మొదట్లో దీన్ని వెటకారం చేశారు, తెగని కత్తులని.

ఇక మన ఊరు. 1966లో 'విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు' అంటూ ఉద్యమం లేచింది. అమృతరావు నిరాహారదీక్ష, నవంబర్ 1న ఇక్కడ కాల్పులు, రాష్ట్రమంతటా కలిపి 32 మంది ప్రాణాలు. 1970 ఏప్రిల్ 17న ఇందిరాగాంధీ పార్లమెంటులో మూడు కర్మాగారాలు ప్రకటించారు: విశాఖపట్నం, సేలం, విజయనగర. తమాషా ఏమిటంటే, వంటింట్లోకి వచ్చింది సేలం. అక్కడ స్టెయిన్‌లెస్ రేకు చుట్టారు, గిన్నెలూ గరిటెలూ దాంతోనే. మన ప్లాంటు చేసేది కడ్డీలు, వైర్ రాడ్లు, దూలాలు. అంటే నా ఫ్లాటు స్లాబులో విశాఖ ఉక్కు ఉండొచ్చు, నా చేతిలోని కత్తిలో మాత్రం ఉండదు. ప్రాణాలిచ్చి తెచ్చుకున్నది గోడల్లో కనపడకుండా ఉండటం వల్లేనేమో, 2021 జనవరిలో కేంద్ర క్యాబినెట్ అమ్మకానికి ఒప్పుకున్నప్పుడు గేటు బయట చాలామందికి అది తమ ఇంటి సంగతి అనిపించలేదు.

స్టెయిన్‌లెస్ కత్తి వచ్చాక తుడిచే అలవాటు పోయింది. సింకులో పడేస్తున్నాం. కానీ 'స్టెయిన్‌లెస్' అన్నది పూర్తి హామీ కాదు. క్రోమియం పైన కట్టే సన్నటి పొరని ఉప్పులోని క్లోరైడ్ పొడుస్తుంది, చిన్న చిన్న గుంటలు పడతాయి. ఉప్పుచేప కోసిన కత్తిని రాత్రంతా నీళ్ళలో ఉంచితే అదే గతి. సొరుగులో చెంచాలతో కలిపి పడేస్తే పదును పోతుంది, వేళ్ళూ తెగుతాయి. చెక్క దిమ్మలో గుచ్చితే ఈ ఊరి చెమ్మకి లోపల బూజు. నా ఓటు గోడకి బిగించే అయస్కాంతం పట్టీకి: గాలి ఆడుతుంది, పదును కనపడుతుంది, పిల్లలకి అందదు. వంటకత్తుల ఉక్కు దానికి అంటుకుంటుంది. గిన్నెల స్టీలు చాలావరకు అంటుకోదు, నికెల్ కలుస్తుంది కనుక.

కత్తిపీటకి మాత్రం ఆ గోడ మీద చోటు లేదు. దాని గురించి బెంగపడి రాసేవాళ్ళలో దానిముందు రోజుకి రెండుసార్లు కూర్చున్నవాళ్ళు తక్కువ. మా అమ్మ మోకాళ్ళు ఒప్పుకోక గట్టు దగ్గర నిలబడి తరగడం మొదలుపెట్టింది, తనకి ఏ బెంగా లేదు. అటక మీద ఉంది, పాత చీర గుడ్డ చుట్టి, పదును గోడవైపు తిప్పి. ఆవకాయ రోజుల్లో దింపుతాం.