మన ఒంటి మీది బట్ట చెప్పే చరిత్ర

ప్రపంచీకరణ అనగానే మనకు సెల్‌ఫోను, ఆన్‌లైన్‌లో కొన్న జీన్స్ ప్యాంటు గుర్తుకొస్తాయి. ఇదంతా 1991 తర్వాతే మొదలైందని అనుకుంటాం. కానీ మన చంద్రపూర్ ప్రాంతాన్ని ప్రపంచ మార్కెట్ అంతకు ఎంతో ముందే తాకింది.

1861–65 మధ్య అమెరికాలో అంతర్యుద్ధం జరిగింది. అక్కడి పత్తి రావడం తగ్గిపోయేసరికి ఇంగ్లండు మిల్లులు మన దేశపు పత్తి కోసం ఎగబడ్డాయి. పక్కనున్న వార్ధా జిల్లాలోని హింగన్‌ఘాట్ పత్తికి ఆ కాలంలో మంచి పేరు. ధర పెరిగింది, యుద్ధం ముగిశాక మళ్లీ పడిపోయింది. 1870లలో రైలు వరోరా దాకా వచ్చింది. మన పత్తి బయటికి పోయేది, మిల్లు బట్ట ఊళ్లోకి వచ్చేది. అది చేనేత కంటే చవక. కొనేవాళ్లకు లాభమే గానీ, నేసేవాళ్లకు పని తగ్గింది. తెలంగాణ పద్మశాలీలు ఎందరో బతుకుతెరువు కోసం షోలాపూర్, ముంబై, భివండీలకు వలస వచ్చారు.

1991లో ప్రధాని పి.వి. నరసింహారావు ప్రభుత్వం విదేశీ కంపెనీలకు తలుపులు తెరిచింది. ఆయన తెలుగువారే. నాగపూర్‌లో లా చదివి, మన విదర్భలోని రామ్‌టెక్ నుంచి ఎంపీగా గెలిచినవారు. ఆ తర్వాత కొత్త ఉద్యోగాలు, కొత్త వస్తువులు వచ్చాయి. ఈ మేలును కాదనలేం. కానీ టీవీలో, ఫోన్లో ప్రకటనలు కూడా పెరిగాయి. చంద్రపూర్ కుర్రాడికీ న్యూయార్క్ కుర్రాడికీ ఒకే బూట్లు కావాలి. పాత చొక్కా వేసుకొస్తే తోటివాళ్లు నవ్వుతారేమోనన్న భయం పట్టుకుంది. ఇంట్లో జీతం అంతే ఉంది, కోరికలే పెరిగాయి.

మరి ఆ చవక బట్టలు కుట్టేదెవరు? 2013 ఏప్రిల్ 24న బంగ్లాదేశ్‌లో ఢాకా దగ్గర రాణా ప్లాజా భవనం కూలి 1,100 మందికి పైగా చనిపోయారు. వాళ్లు యూరప్, అమెరికా దుకాణాలకు బట్టలు కుట్టేవాళ్లు. చాలామంది యువతులే. ముందురోజే గోడలు పగుళ్లిచ్చినా వాళ్లను పనిలోకి రమ్మన్నారు.

అంటే ఈ మార్కెట్‌లో ఒక చివర కొనే యువకులు, ఇంకో చివర కుట్టే యువకులు ఉన్నారు. మగ్గం వదిలి వలసపోయిన మన పెద్దల్లో కొందరు ఒకప్పుడు ఆ రెండో చివరనే ఉన్నారు. అందుకే మిత్రులారా, కొత్తది కొనొద్దని నేననను. కొనేముందు రెండు ప్రశ్నలు వేసుకుందాం: ఇది నాకు నిజంగా అవసరమా? దీన్ని చేసినవాళ్లకు న్యాయమైన కూలి దక్కిందా?